సమ్మెట దెబ్బకీ పాలపొంగుకీ మధ్య

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత తెలియనివారు మనలో ఉండరు. ఆ సామెత బరువంతా ‘చూడు’ అన్న మాట మీద ఉంది. చేసి చూస్తే గాని తెలియదని దాని భావం. ఈ దేశంలో టెలివిజన్ ముప్పై ఏళ్ళుగా ఆ సామెతను తలకిందులు చేసి, ఏమీ చేయకుండానే చూడమంటోంది. రాత్రి భోజనాలయ్యాక సోఫాలో కూర్చుంటే చాలు, ప్రకటనలు తీసేస్తే నలభై నిమిషాల్లో పాడుబడ్డ ఇల్లొకటి మన కళ్ళముందే కొత్త పెళ్ళికూతురిలా తయారవుతుంది.

ఈ కార్యక్రమాలను వినోదంగా చూసి మర్చిపోయేవారి జోలికి మేము పోవడం లేదు. అయితే మన సంఘంలో ఇల్లు కొనబోయే కుటుంబాల నోట ఈమధ్య ఒక మాట తరచుగా వింటున్నాము. “పాత ఇల్లు చౌకగా కొని, మూడు నెలల్లో మనకు కావలసినట్టు చేయించుకుని దిగుతాము” అంటారు. ఆ మూడు నెలల లెక్క ఏ కాంట్రాక్టర్ చెప్పిందీ కాదు, ఇరుగుపొరుగు చెప్పిందీ కాదు. తెర మీదినుంచి వచ్చింది. కనుక ఒక సినిమానో నవలనో పరిశీలించినట్టే ఈ కార్యక్రమాలలో కథ ఎలా నడుస్తుంది, ఏది చూపి ఏది విడిచిపెడతారు అన్నది పరిశీలించడం మంచిదని మాకు తోచింది. మేము వృత్తిరీత్యా పిల్లల వైద్యులము, ఇంజనీర్లము కాము. అయినా ఈ విషయంలో వైద్యుడు నోరు విప్పవలసిన సంగతి ఒకటుంది. క్రమంగా అక్కడికే వస్తాము.

ముందుగా పాత సినిమా ఒకటి. ఎరిక్ హాడ్జిన్స్ 1946లో రాసిన నవల ఆధారంగా 1948లో ‘మిస్టర్ బ్లాండింగ్స్ బిల్డ్స్ హిజ్ డ్రీమ్ హౌస్’ అనే హాస్య చిత్రం వచ్చింది. కేరీ గ్రాంట్, మిర్నా లాయ్ భార్యాభర్తలుగా వేశారు. న్యూయార్కులో ఇరుకు వాటాలో ఉంటున్న ప్రకటనల కంపెనీ ఉద్యోగి ఒకాయన కనెటికట్ పల్లెపట్టున ఒక ముసలి ఇంటిని చూసి మనసు పారేసుకుంటాడు. కొన్న తరువాత ఇంజనీర్లను పిలిస్తే, వచ్చినవాడల్లా దీన్ని పడగొట్టడం తప్ప మార్గం లేదంటాడు. పడగొట్టించాక, తాకట్టు ఉన్న ఇంటిని అప్పిచ్చినవాడి అనుమతి లేకుండా కూల్చకూడదని తెలుస్తుంది. బావి కోసం వందల అడుగులు తవ్వినా చుక్క నీరు పడదు. పునాది గోతిలో మాత్రం కొద్ది అడుగులకే ఊట ఎగదన్నుతుంది. ఇల్లాలు కాంట్రాక్టర్‌తో మాటవరసకు అన్న ఒక చిన్న మార్పు చివర్లో పెద్ద బిల్లై కూర్చుంటుంది. 1986లో టామ్ హాంక్స్, షెల్లీ లాంగ్ నటించిన ‘ది మనీ పిట్’ కూడా ఈ కోవలోదే. అందులో పని ఎప్పటికవుతుందని ఎప్పుడడిగినా పనివాళ్ళు రెండు వారాల గడువే చెబుతారు.

ఈ రెండూ నవ్వించడానికి తీసిన సినిమాలే, అతిశయోక్తి దండిగా ఉంది. అయినా కథ ఎక్కడ ఉందో వాటికి తెలుసు. కొనడానికీ కాపురానికీ మధ్య జరిగేదే అసలు కథ అని వాటి రచయితలు గ్రహించారు. ప్రేక్షకుడు నవ్వుతూనే జాగ్రత్త నేర్చుకుంటాడు.

తరువాత టెలివిజన్ వచ్చింది. 1979లో బోస్టన్‌లోని పబ్లిక్ టెలివిజన్ స్టేషన్ ‘దిస్ ఓల్డ్ హౌస్’ మొదలుపెట్టింది. డార్చెస్టర్‌లోని ఒక పాత ఇంటిని పట్టుకుని, ఆ ఒక్కదాన్నే వారాల తరబడి బాగుచేస్తూ చూపించారు. బాబ్ వీలా ప్రశ్నలు వేసేవాడు, నార్మ్ అబ్రామ్ అనే వడ్రంగి చేసి చూపేవాడు. ఒక తలుపు ఎందుకు బిగుసుకుపోయింది, ఒక దూలం ఎందుకు వంగింది అన్నవి అందులో కథావస్తువులు. ఇంగ్లీషు పుస్తకాలలో తప్ప ఇంటి భాగాల పేర్లు ఎరగని మనవంటివారికి అది ఒక బడి. ఆ కార్యక్రమంలో వారం గడిచినా గోడ గోడగానే ఉండేది.

1994 డిసెంబరులో ఇళ్ళకూ తోటలకూ ప్రత్యేకించిన హెచ్.జి.టి.వి. అనే చానల్ వచ్చాక వారాలు పోయి గంటలు వచ్చాయి. 1999లో ‘హౌస్ హంటర్స్’, 2011లో ‘ప్రాపర్టీ బ్రదర్స్’, 2013లో ‘ఫిక్సర్ అప్పర్’ మొదలయ్యాయి. పేర్లు వేరైనా అచ్చు ఒకటే. మూడు ఇళ్ళు చూపిస్తారు, ఒకటి ఎంచుకుంటారు. సమ్మెటతో గోడ పడగొడతారు. ఒక అవాంతరం వస్తుంది, కొంత డబ్బు పెట్టగానే తీరిపోతుంది. చివర తెర తొలగుతుంది, ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటుంది. మన పాత జానపద చిత్రాల్లో రాకుమారుడికి శాపం తగలడం, విమోచనం కావడం ఎంత ఖాయమో ఇక్కడ ఆ అవాంతరమూ అంత ఖాయం. ఒకటే వస్తుంది, రెండోది రాదు.

‘ప్రాపర్టీ బ్రదర్స్’ ఎత్తుగడ ప్రత్యేకంగా గమనించదగ్గది. కొనేవారికి మొదట వారి కోరికలన్నీ తీరిన ఇంటిని చూపిస్తారు. వాళ్ళు మురిసిపోయాక, ధర వారి శక్తికి ఎంతో మించినదని చెబుతారు. ఆ నిరాశ మీద నిలబెట్టి, పాత ఇల్లు కొంటే అంతటి హంగులూ మీకే వస్తాయంటారు. అంటే ముందు ఆకలి పుట్టించి, తరువాత వడ్డిస్తారు. మనం కార్యక్రమం చూసి లేచేటప్పుడు మనలో మిగిలేది ఆ ఆకలే.

‘హౌస్ హంటర్స్’ సంగతి 2012లో బయటపడింది. అందులో పాల్గొన్న ఒకావిడ, తాము ఎంచుకున్నట్టు చూపించిన ఇంటిని అప్పటికే కొనేశామని, మిగిలినవి అమ్మకానికి లేని స్నేహితుల ఇళ్ళని వెల్లడించింది. చానల్ వారు, కొనుగోలు సుదీర్ఘ వ్యవహారం గనుక అందులో చాలా దూరం వచ్చినవారినే ఎంచుకుంటామని సంజాయిషీ ఇచ్చారు. నాటకంలో ఇది తప్పు కాదు. చూసేవాళ్ళు నాటకమని తెలుసుకుని చూడాలి, అంతే. అలాగే ఏ.బి.సి.లో 2003 నుంచి 2012 వరకు నడిచిన ‘ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్’లో వారం రోజుల్లో ఇల్లు లేచేది. రాత్రింబవళ్ళు వందలమంది పనిచేస్తే లేవక ఏమవుతుంది? కాని ఆ భవనాలు దక్కించుకున్న కుటుంబాల్లో కొందరు తరువాత పన్నులూ కరెంటు బిల్లులూ భరించలేక అవస్థ పడ్డారు. ఇల్లు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఆ భాగం కెమెరా వెళ్ళిపోయాక జరిగింది.

ఇక కెమెరా ముందే జరిగి, మనకు కనబడకుండా పోయేదేమిటో చూద్దాము. తెర మీద ఎక్కువ చప్పట్లు పడేది గోడ కూల్చే ఘట్టానికి. అది బరువు మోసే గోడ అయితే, ముందుగా స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి లెక్కకట్టి పటం గీయాలి. ఊరివారి పర్మిట్ తీసుకోవాలి. పైకప్పుకు తాత్కాలికంగా ఊతాలు పెట్టి, దూలం ఎక్కించి, ఆ దూలం బరువు స్తంభాల ద్వారా పునాది దాకా దిగేట్టు చూడాలి. గోడలో ఉన్న కరెంటు తీగలు, పైపులు, వేడిగాలి గొట్టాలు మరో దారిన మళ్ళించాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా పైన పలకలు బిగించకూడదు. ఆయన వచ్చేది ఆయనకు వీలైన రోజున. ఇవన్నీ కత్తిరిస్తే మిగిలేది ఒక్క సమ్మెట దెబ్బ. మా వృత్తిలో పోలిక చెప్పాలంటే, మత్తు ఇవ్వడం, కుట్లు వేయడం, కోలుకునే నెలలు అన్నీ తీసేసి కత్తి గాటు ఒక్కటే చూపించి, ఆపరేషన్ అంటే ఇదే అన్నట్టుంటుంది.

డబ్బు లెక్కా ఇంతే. పాత ఇంటికి బడ్జెట్ వేసేటప్పుడు నూటికి పదినుంచి ఇరవై వరకు అనుకోని ఖర్చుకు విడిగా ఉంచుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. 1940లకు పూర్వపు ఇంట్లో పింగాణీ గుబ్బల మీద లాగిన పాత తీగలు బయటపడితే, కొన్ని ఇన్సూరెన్సు కంపెనీలు పాలసీయే ఇవ్వమంటాయి. వంటగదికి పోసిన ప్రతి డాలరూ ఇల్లు అమ్మినప్పుడు తిరిగి వస్తుందన్న నమ్మకమూ తెర మీదిదే. చివర్లో వేసే ‘ఇప్పటి విలువ’ అంకె ఒక అంచనా మాత్రమే. ఆ ధర పెట్టి కొన్నవాడెవడూ అక్కడ కనబడడు.

ఇప్పుడు మేము మొదట చెప్పిన వైద్యుడి సంగతి. ఈ దేశంలో ఇళ్ళకు సీసం కలిసిన రంగులు వేయడం 1978లో నిషేధించారు. దానికి ముందు కట్టిన ఇళ్ళ గోడల మీద, ముఖ్యంగా కిటికీల మీదా తలుపుల మీదా, పై పొరల కింద ఆ రంగు ఇంకా ఉంది. ఈ.పి.ఏ. అంచనా ప్రకారం 1940కి ముందు కట్టిన ఇళ్ళలో 87 శాతం, 1940-1959 మధ్య కట్టినవాటిలో 69 శాతం, 1960-1977 మధ్య కట్టినవాటిలో 24 శాతం ఇళ్ళలో సీసపు రంగు ఉంది. కదపనంత కాలం అది చాలావరకు నిద్రపోతూ ఉంటుంది. సమ్మెట పడగానే మెత్తటి ధూళిగా లేస్తుంది. ఆ ధూళి కంటికి ఆనదు. నేల మీద పారాడే బిడ్డ అరచేతికి అంటి, అక్కడినుంచి నోట్లోకి పోతుంది. గర్భిణి రక్తంలోని సీసం మాయను దాటి కడుపులోని బిడ్డను చేరుతుంది. పిల్లలకు ఇంత సీసం వరకు ఫరవాలేదు అనదగ్గ హద్దు ఏదీ కనబడలేదు. సి.డి.సి. వారు శ్రద్ధ తీసుకోవలసిన మట్టాన్ని డెసిలీటరు రక్తానికి 1991లో 10 మైక్రోగ్రాములుగా, 2012లో 5గా, 2021లో 3.5గా తగ్గిస్తూ వచ్చారు. తెలివిమీద, ఏకాగ్రతమీద అది చేసే నష్టం మళ్ళీ పూడ్చగలిగేది కాదు. ఏ బడికోసమైతే అంత ధరపెట్టి ఆ పేటలో ఇల్లు కొంటున్నామో, ఆ బడికి వెళ్ళవలసిన బుర్రకే దెబ్బ తగులుతుందన్నమాట.

మనలో చాలామంది ఇంటికోసం తొందరపడేది ఎప్పుడు? ఇల్లాలు కడుపుతో ఉన్నప్పుడు, లేదా మొదటి బిడ్డ పారాడే వయసులో. పుట్టబోయే బిడ్డకు గది సిద్ధం చేయాలని పాత కిటికీలు తామే గీకి రంగులు వేసుకునే దంపతులు తెర మీద ఎంత ముచ్చటగా ఉంటారో చూశారు కదా. 2010 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, 1978కి పూర్వపు ఇంట్లో ఆరు చదరపు అడుగులకు మించి రంగును కదిపే పనికైనా, కిటికీ మార్చే పనికైనా సర్టిఫికేటు పొందిన కాంట్రాక్టరే రావాలి. గదిని ప్లాస్టిక్ పరదాలతో మూయాలి, ప్రత్యేకమైన వడపోత ఉన్న యంత్రంతో ధూళి పీల్చాలి, తడిగుడ్డతో తుడవాలి. కాని యజమాని తన ఇంట్లో తానే పనిచేసుకుంటే ఆ నిబంధన వర్తించదు. శని, ఆదివారాల్లో సొంతంగా గోడలు గీకే మనకు చట్టం అడ్డురాదు, బిడ్డకు రక్షణా ఇవ్వదు.

ఇందులో టెలివిజన్ పాత్ర ఊహించి చెబుతున్నది కాదు. ‘ఫిక్సర్ అప్పర్’లో టెక్సస్ రాష్ట్రం వేకో ప్రాంతపు ఇళ్ళను బాగుచేసిన మాగ్నోలియా హోమ్స్ కంపెనీ 33 ఇళ్ళలో సీసపు రంగు జాగ్రత్తలు సరిగా పాటించలేదని ఈ.పి.ఏ. అభియోగం మోపింది. ప్రసారమైన బొమ్మలు చూసిన మీదటనే అధికారులకు అనుమానం వచ్చింది. 2018లో కంపెనీ రాజీకి వచ్చి 40,000 డాలర్ల జరిమానా కట్టడానికి, మరో 1,60,000 డాలర్లతో వేకో ఇళ్ళలో సీసపు రంగు ప్రమాదాలను తొలగించడానికి ఒప్పుకుంది. కోట్లమంది చప్పట్లు కొట్టిన ఘట్టాలలో అధికారులు చూసినది వేరన్నమాట. ఈ కార్యక్రమాల మీద ఇంతకంటే మంచి విమర్శ మేము రాయలేము.

మన కుటుంబాల విషయంలో ఈ చిక్కుకు మరికొన్ని ముడులున్నాయి. తెర మీద ప్రతి ఇంట్లోనూ వంటగదికి గోడలు తీసి హాలుతో కలిపేస్తారు. అక్కడ వండేదేమిటో మాకు తెలియదు, పళ్ళెంలో నిమ్మకాయలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. మన పొయ్యి మీద ఇంగువ పోపు, ఎండుమిరపకాయల తాలింపు పడగానే ఆ ఘాటు కొత్త సోఫాల దాకా వెళుతుంది. పొయ్యి పైన బిగించే మైక్రోవేవ్ హుడ్లు చాలావరకు గాలిని వడపోసి మళ్ళీ గదిలోకే వదులుతాయి. బయటికి పంపే గట్టి హుడ్ కావాలంటే గొట్టం వేయించాలి. నిమిషానికి 400 ఘనపుటడుగులు మించితే చాలాచోట్ల బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటూ చేయమంటారు. గోడ తీసేముందు ఆలోచించవలసిన ఖర్చు ఇది.

రెండో ముడి ముహూర్తం. ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చేది ఫలానా తేదీకి, ఆషాఢం వచ్చేస్తుంది, తరువాత మూఢం అని గృహప్రవేశం తేదీ ముందే పెట్టుకుంటాము. కాంట్రాక్టర్ పంచాంగం వేరు. అందులో ఇన్‌స్పెక్టర్ సెలవులూ, రాని పెంకుల పార్సెలూ ఉంటాయి. కింద పడకగదీ స్నానాలగదీ పూర్తికాకపోతే, మోకాళ్ళ నొప్పులున్న తల్లి మెట్లెక్కలేక హాల్లో పడుకోవలసి వస్తుంది.

మూడోది, అందరిలోకీ గట్టిది, వీసా. తెర మీది దంపతుల్లో ఎవరికీ గడువు తీరే కాగితం ఉండదు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే వ్యవధి అరవై రోజులకు మించదు. గోడలు తీసేసిన ఇల్లు, వంటగది లేని ఇల్లు అరవై రోజుల్లో మంచి ధరకు అమ్ముడుపోదు. మా తోటి యువ వైద్యులకైతే రెసిడెన్సీ ముగియగానే బ్యాంకులు తామే ఎదురొచ్చి, చేతి సొమ్ము లేకుండా కూడా అప్పిస్తామంటాయి. అప్పు ఇవ్వగలగడం బ్యాంకు శక్తి. తీర్చగలగడం మన శక్తి. రెండిటికీ కొలత ఒకటి కాదు.

ఇంతవరకు తప్పంతా టెలివిజన్‌ది అన్నట్టు మాట్లాడాము. న్యాయంగా ఇంకొక మాట చెప్పాలి. మన గృహప్రవేశాలు కూడా ఇంచుమించు ఆ కార్యక్రమాలలాగే నడుస్తున్నాయి. పాలు పొంగించాక అతిథులను గదిగదికీ తిప్పి చూపిస్తాము. వచ్చినవాళ్ళు గ్రానైట్ గట్టును నిమిరి, ఎంతయిందని అడుగుతారు. మనం కొంచెం తగ్గించి చెబుతాము. కాంట్రాక్టర్ మధ్యలో నెలరోజులు మాయమైన సంగతీ, దంపతులు పెయింటు రంగు దగ్గర మొదలుపెట్టి పుట్టింటి దాకా పోట్లాడుకున్న సంగతీ, క్రెడిట్ కార్డుల మీద తెచ్చిన సొమ్ము సంగతీ శుభకార్యం పూట ఎవరూ ఎత్తరు. విన్నవాళ్ళు ఇంటికెళ్ళి అదే అంకెతో తమ లెక్క వేసుకుంటారు. అలా ఒకరి మొహమాటం ఇంకొకరి బడ్జెట్ అవుతుంది. దూరదేశంలో మనకు మేనమామలూ పెదనాన్నలూ దగ్గర లేరు. ఊళ్ళో అయితే మేస్త్రీ ఎలాంటివాడో, కలప ఎక్కడ మోసమో వాళ్ళే చెప్పేవారు. ఇక్కడ ఆ పెద్దరికం మనకు మనమే చేసుకోవాలి.

పాత ఇళ్ళు కొనవద్దని మా అభిప్రాయం కాదు. మంచి కలప, ఎదిగిన చెట్లు, నడిచి వెళ్ళదగ్గ బడి ఆ పేటల్లోనే ఉన్నాయి. కొనేటప్పుడు సీసం పరీక్షకు పదిరోజుల వ్యవధి కోరే హక్కు చట్టం ఇస్తోంది. పోటీలో ఇల్లు చేజారుతుందని రియల్టర్ తొందరపెట్టినా దాన్ని వదులుకోవద్దు. కడుపుతో ఉన్నవారూ, ఆరేళ్ళ లోపు పిల్లలూ పని జరిగే ఇంట్లో ఉండవద్దు. ఇప్పటికే ఉన్నట్టయితే, ఈ వ్యాసం చదివిన వారంలోనే మీ పిల్లల డాక్టర్‌ను అడిగి రక్తపరీక్ష చేయించండి.

సంఘం కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే సమావేశంలో పాటలూ భోజనాల నడుమ ఒక గంట కేటాయించండి. ఈ ఐదేళ్ళలో ఇల్లు బాగుచేయించుకున్న నాలుగైదు కుటుంబాలు తమ కాగితాలు పట్టుకొస్తే చాలు. మొదట అనుకున్న ఖర్చు, చివరికైన ఖర్చు, చెప్పిన తేదీ, దిగిన తేదీ చదివి వినిపించమనండి. ఫొటోలు అక్కరలేదు. పేర్లు చెప్పడానికి మొహమాటమైతే కాగితం మీద రాసి ఇచ్చినా మేమే చదువుతాము.